ఖాళీలను పూరింపుము

ముందు ఒక కార్డు చూడండి. ఫోన్ తెర మీద ఒకే ఒక్క వాక్యం: “ఐ సా ____ డాగ్ ఇన్ ది స్ట్రీట్.” కింద జవాబు చూపించమనే బటన్. నొక్కితే ఖాళీలో “ఎ” ప్రత్యక్షమవుతుంది. మీరు మనసులో “ఎ” అనుకుని ఉంటే “గుడ్” నొక్కుతారు, కార్డు కొన్నాళ్ళ పాటు కనబడకుండా పోతుంది. “ది” అనుకుని ఉంటే “అగైన్” నొక్కాలి. పది నిమిషాల్లో మళ్ళీ ఎదురుగా నిలబడుతుంది.

“ది” అనుకున్నవాడు చేసిన తప్పేమిటి? నాకైతే ఎంత వెతికినా కనబడదు. రాత్రంతా మొరిగి నిద్ర పాడుచేసిన కుక్క గురించి మీరూ నేనూ నిన్న మాట్లాడుకున్నాం అనుకోండి. ఈ పొద్దున అది నా కంటబడితే మీతో “ఐ సా ది డాగ్” అనే అంటాను. “ఎ డాగ్” అంటే మీరు ఇంకో కుక్కేమో అనుకుంటారు. వ్యాకరణం రెండిటినీ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది కార్డే.

సాహిత్య పత్రికలో ఫ్లాష్‌కార్డుల మీద సమీక్ష ఏమిటని అడగొచ్చు. మా ఆఫీసు క్యాబ్‌లో రోజూ నాకు కనబడే దృశ్యం మాత్రం ఇది: నవల చదివేవాళ్ళు ఒకరో ఇద్దరో, బొటనవేలితో కార్డులు తిప్పేవాళ్ళు అంతకన్నా ఎక్కువ. తెలుగు మీడియం నుంచి వచ్చిన చాలామందికి రోజూ శ్రద్ధగా, ఏకాగ్రతతో చదివే ఇంగ్లీషు వచనం అంటే ఇదే. ఒక్కొక్కటి ఎనిమిది పది సెకన్లు చదివే వాక్యాలు, రోజుకి వంద. ఎవరు ఎవరితో అన్నారో తెలియని వాక్యాలు. ఇంతమంది ఇంత భక్తిగా చదివే వచనాన్ని వచనంగా చూసి, బాగోగులు మాట్లాడటం విమర్శ పనే అనుకుంటాను.

ఈ కార్డుల వంశవృక్షం ఆసక్తికరంగా ఉంటుంది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, మనిషి ఎంత వేగంగా మర్చిపోతాడో లెక్కగట్టి పుస్తకం వేశాడు. అందుకోసం ఆయన బట్టీపట్టింది పద్యాలు కాదు, చాలావరకూ అర్థం లేని అక్షరాల గుంపులు. అలాంటివి దాదాపు 2300 తయారుచేసుకున్నాడు. అర్థం ఉంటే జ్ఞాపకానికి సాయం చేస్తుంది, అప్పుడు కొలత చెడిపోతుందని ఆయన జాగ్రత్త. కొలత కోసం అది సబబే. కానీ మతిమరుపు శాస్త్రం మొదలైందే అర్థాన్ని గుమ్మం బయట నిలబెట్టి అన్న సంగతి, భాష నేర్చుకోవడానికి ఆ శాస్త్రాన్ని వాడుకునేవాళ్ళు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తర్వాత 1972లో సెబాస్టియన్ లైట్నర్ తన పుస్తకంలో అరలున్న పెట్టెని ప్రచారం చేశాడు: వచ్చిన కార్డు వెనక అరలోకి, రానిది ముందు అరలోకి. 1987లో పోలండ్‌లో ప్యోతర్ వొజ్నియాక్ అనే విద్యార్థి ఆ లెక్కని కంప్యూటర్‌కి అప్పగించాడు. తనకి కావలసిన జీవశాస్త్రం, ఇంగ్లీషు మాటలు గుర్తుండటమే అతని అవసరం. అతని ఎస్ఎం-2 పద్ధతి నాలాంటివాళ్ళకి చూడముచ్చటగా ఉంటుంది. ఒక కార్డు మొదట 1 రోజుకి, తర్వాత 6 రోజులకి, అక్కణ్ణుంచి ప్రతిసారీ రెండున్నర రెట్లు: 15, 38, 95. కష్టమనిపించిన కొద్దీ ఆ రెండున్నర తగ్గుతుంది, 1.3 కంటే కిందికి దిగదు. అంతే, కాస్త చెయ్యి తిరిగినవాడు మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి రాసేయగల ప్రోగ్రాం. 2006లో డేమియన్ ఎల్మెస్ జపనీస్ నేర్చుకుంటూ ఆంకీ తయారుచేసినప్పుడు దీన్నే కొద్దిగా మార్చి వాడుకున్నాడు. ఆంకీ అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. పేరులో మోసం లేదు.

కంఠస్థం అంటే నాకు చులకన లేదు. ఎక్కాలు వల్లె వేయకుండా ఇంజనీరింగ్ దాకా వచ్చినవాళ్ళం కాదు. పాణిని సూత్రాలు దాదాపు నాలుగు వేలు, పిల్లలు తరతరాలుగా నోటికి పట్టారు. ఒక్కొక్కటి ఏ కార్డుకన్నా పొట్టి. కాకపోతే సూత్రం వస్తే వ్యాకరణం వచ్చినట్టేనని ఆ సంప్రదాయంలో ఎవరూ అనలేదు. వెనకే పతంజలి భాష్యం ఉంది, చెప్పే గురువు ఉన్నాడు. వొజ్నియాక్ కూడా కార్డులు ఎలా రాయాలో ఇరవై సూత్రాలు రాసి, అర్థంకానిదాన్ని నేర్చుకోబోవద్దని మొట్టమొదటి సూత్రంలోనే చెప్పాడు. జనం దాన్ని దాటేసి నాలుగోది పట్టుకున్నారు: ఒక్కో కార్డులో ఎంత తక్కువ సమాచారం ఉంటే అంత మంచిది అనేదాన్ని.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కార్డులు బ్రహ్మాండంగా పనిచేసే చోట్లున్నాయి. మనం ఒకదాని “గురించి” చర్చిస్తాం కాబట్టి “డిస్కస్ అబౌట్” అంటాం. ఒకరి“తో” పెళ్ళవుతుంది కాబట్టి “మ్యారీడ్ విత్” అంటాం. ఇంగ్లీషులో డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు, మ్యారీడ్ పక్కన “టు” రావాలి. దీని వెనక తర్కం వెతకడం అనవసరం. “టీచ్”కి భూతకాలం “టాట్” ఎందుకయిందో చరిత్ర చెప్పొచ్చుగానీ, మాట్లాడేటప్పుడు ఆ చరిత్ర సాయానికి రాదు. ఇలాంటివి గుర్తుంచుకోవాల్సినవే, అందుకు ఆంకీని మించిన సాధనం నేను చూడలేదు. జవాబు మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఎవరు చెప్పినా, ఎవరికి చెప్పినా, మంగళవారం చెప్పినా “మ్యారీడ్ టు” మారదు.

మారేవాటి దగ్గరే పేచీ. “ఎ”, “ది” అలాంటివి.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకి అవి ఒంటబట్టవు అని స్కూల్లో విన్నాం, కోచింగుల్లో విన్నాం. మాట లేకపోవడం నిజమే. ఆలోచన లేకపోవడం అబద్ధం. ఈ రెండు వాక్యాలు పైకి చదవండి: “టేబుల్ మీద పుస్తకం ఉంది.” “పుస్తకం టేబుల్ మీద ఉంది.” మాటలు అవే, వరుస మారింది. మొదటిది టేబుల్ మీద ఏముందో చెబుతోంది. ఆ పుస్తకం విన్నవాడికి కొత్త. రెండోది “పుస్తకం ఏదీ?” అని అడిగినవాడికి ఇచ్చే సమాధానం. ఇద్దరికీ తెలిసిన పుస్తకం అది. ఇంగ్లీషువాడు మొదటిదానికి “ఎ బుక్” అంటాడు, రెండోదానికి “ది బుక్” అంటాడు. తెలుగువాడు మాటని ముందుకో వెనక్కో జరుపుతాడు. “ఉత్తరం చదివాను”కీ “ఉత్తరాన్ని చదివాను”కీ మధ్య కూడా ఇలాంటి ఛాయే ఉంది. ఆ “ని” తగిలేసరికి అదేదో మనకి ముందే తెలిసిన ఉత్తరంలా వినబడుతుంది. ఈ తేడాలు మనకి ఏ మాస్టారూ నేర్పలేదు. అమ్మ “పాలు పొయ్యి మీద ఉన్నాయి, చూడు” అన్నప్పుడు ఏ పాలో మనం అడగలేదు.

అంటే “ది” అనేది నామవాచకానికి అంటుకున్న ముద్ర కాదు. ఎదుటివాడి తలలో ఏముందని నేను అనుకుంటున్నానో దానికి గుర్తు. ఇది నమ్మకపోతే వ్యవహారం తిరగేసి చూడండి. తెలుగు నేర్చుకుంటున్న ఒక ఇంగ్లీషువాడికి ఈ కార్డు ఇద్దాం: “____ సినిమాకి వెళ్తున్నాం.” ఖాళీలో “మనం” పెట్టాలా, “మేము” పెట్టాలా? వాడు వెయ్యిసార్లు చదివినా ఆ వాక్యంలో జవాబు దొరకదు. విన్నవాడు సినిమాకి వస్తున్నాడా లేదా అన్నది కార్డు మీద లేదు. దానికి “మేము” అనే ఒక్క జవాబు రాసిపెట్టి, “మనం” అన్నప్పుడల్లా “అగైన్” నొక్కిస్తే ఆ మనిషి మన భాష గురించి ఏం అనుకుంటాడు? మనం ఇంగ్లీషు గురించి అనుకునేదే. రూల్సు లేని భాష, అన్నీ ఎక్సెప్షన్లే అని.

ఖాళీలు నింపించే పద్ధతికి కూడా ఒక పుట్టుక ఉంది. స్కూల్లో “ఖాళీలను పూరింపుము” రాసినవాళ్ళందరికీ అది విద్యార్థిని పరీక్షించే పద్ధతిలాగే కనబడుతుంది. 1953లో విల్సన్ టేలర్ “క్లోజ్ ప్రొసీజర్” అని పేరుపెట్టి దీన్ని ప్రతిపాదించినప్పుడు పరీక్ష మనిషికి కాదు, వచనానికి. వరసగా సాగే ఒక భాగం తీసుకుని, లెక్క ప్రకారం ఇన్నో మాట చొప్పున ఎగరగొట్టి, చదివేవాళ్ళు ఆ ఖాళీల్ని ఎంతవరకు నింపగలరో చూస్తే ఆ రచన ఎంత సులభంగా చదివించుకుంటుందో తేలుతుందని ఆయన ఉద్దేశం. ఖాళీ నింపడానికి చుట్టూ ఉన్న వాక్యాలు సాయం చేయాలి. చేయకపోతే లోపం రాతది. ఆంకీలో ఈ రకం కార్డుకి ఇప్పటికీ “క్లోజ్” అనే పేరు. చుట్టూ ఉండాల్సిన వాక్యాలు మాత్రం పోయాయి, లోపం చదివేవాడి ఖాతాలో పడుతోంది.

ఈ ఖాతా సంగతి మా ఇంట్లోనే చూశాను. మా బావమరిది టెస్టర్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఏడాదిన్నరగా ఒక్కరోజు తప్పకుండా ఆంకీ చేస్తున్నాడు. ఆర్టికల్స్ డెక్‌లో అతని జవాబులు నూటికి 92 సరైనవని ఆ యాప్ గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఒకరోజు టెస్టింగ్‌లో పేమెంట్ పేజీలో ఒక కొత్త లోపం బయటపడింది. క్లయింట్ టీమ్‌కి మెయిల్ రాశాడు: “ఐ ఫౌండ్ ది ఇష్యూ ఇన్ ది పేమెంట్ పేజ్.” అదే పేజీలో అంతకుముందు నుంచీ ఇంకో సమస్య తెగకుండా నలుగుతోంది. అవతలివాళ్ళు ఆ “ది” చూసి, పాతదానికి కారణం దొరికిందనుకున్నారు. థాంక్స్ చెప్పి ఊరుకున్నారు. కొత్తదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు రోజుల తర్వాత కాల్‌లో సంగతి బయటపడింది, పదిహేనుమంది ముందు. కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి అన్న మాట ముందు ఆ కాల్‌లో వినబడింది, తర్వాత అప్రైజల్‌లో అచ్చయింది. ఆన్‌సైట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

92 శాతమూ నిజమే, ఆ మెయిలూ నిజమే. ఎలా పొసుగుతాయి?

ఒక చిన్న పరీక్ష పెట్టాను. అతని డెక్‌లో “షి ప్లేస్ ____ వయొలిన్” అని ఒక కార్డు ఉంది, జవాబు “ది”. ఎన్నోసార్లు సరిగ్గా చెప్పి, నాలుగు నెలల తర్వాతికి వాయిదాపడ్డ కార్డు. అతని అనుమతితోనే అందులో “ప్లేస్” తీసేసి “బాట్” అని మార్చి వేరే కార్డుల మధ్య పడేశాను. వాయించడం పోయి కొనడం వచ్చింది. వాయిద్యం వాయించడం గురించి మామూలుగా చెప్పేటప్పుడు “ది” వాడటం ఇంగ్లీషు అలవాటు. మొదటిసారి చెబుతున్న కొనుగోలుకి “ఎ” రావాలి. మూడు సెకన్లలో “ది” అన్నాడు. అతను చదివింది వాక్యాన్ని కాదు, కార్డు ఆకారాన్ని. వయొలిన్ కనబడితే “ది”, అంబ్రెల్లా కనబడితే “యాన్”. దొంగతనమేం లేదు ఇందులో. మెదడు అడిగినంతే చేస్తుంది, కార్డు అంతే అడిగింది. 2023 చివర్లో ఆంకీలోకి ఎఫ్ఎస్ఆర్ఎస్ అని కొత్త లెక్క వచ్చింది, మనం ఒక విషయాన్ని ఎప్పుడు మర్చిపోతామో ఇంకా బాగా అంచనా వేస్తుందట. సంతోషం. ఎప్పుడు మర్చిపోతామన్నదే దాని గోల. గుర్తున్నది ఏమిటో అది అడగదు.

ఇక్కడ రేమండ్ మర్ఫీ మీద నింద వేయడం అన్యాయం. 1985 నుంచి ఎడిషన్లు మారుతూ వస్తున్న “ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్” చాలా డెక్‌లకి ముడిసరుకు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. ఐదో ఎడిషన్‌లో మొత్తం 145 యూనిట్లు, ఆర్టికల్స్‌కే అరడజనుకి పైగా. ఆ పుస్తకంలో మనుషులు ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతారు, జవాబులు చెబుతారు. కార్డు చేసేవాళ్ళు కుడి పేజీని మాత్రం కత్తిరిస్తారు, అందులోనూ ప్రశ్న వదిలేసి జవాబు తీసుకుంటారు. మా ముందుతరం చదివిన రెన్ అండ్ మార్టిన్‌తో పోలిస్తే మర్ఫీ చాలా సాంఘికమైన పుస్తకం. రెన్ గారు ఫ్రెంచి సైనికుల సాహసాల మీద “బో జెస్ట్” అనే నవల కూడా రాశారుగానీ, వ్యాకరణంలోకి ఆ గుర్రాల్ని రానివ్వలేదు.

టెన్సుల సంగతీ ఇంతే. “తిన్నావా?” అన్నదానికి బ్రిటిష్‌వాడు “హావ్ యూ ఈటెన్?” అంటే అమెరికన్ “డిడ్ యూ ఈట్?” అనేసి వెళ్ళిపోతాడు. డెక్‌లో ఒకటే కరెక్టు. దీని గురించి ఇంతకంటే చెప్పను.

అయితే “ది” ఎక్కడ నేర్చుకోవాలి? నాకు తోచిన జవాబు నవలల అట్టల మీదే ఉంది. విక్రమ్ సేఠ్ 1993లో వేసిన నవల పేరు “ఎ సూటబుల్ బాయ్”. “ది సూటబుల్ బాయ్” అని మార్చి చూడండి. కథ అక్కడే అయిపోతుంది, కుర్రాడు దొరికేశాడు, శుభలేఖలు కొట్టించుకోవడమే తరువాయి. ఆ తల్లి లత కోసం వెతుకుతున్నది ఇంకా ఎవరో తెలియని, ఎక్కడో ఉండి తీరాల్సిన “ఒక” కుర్రాడిని. 1300 పేజీలు దాటిన ఆ నవల నడిచేది “ఎ” నుంచి “ది” దాకానే. పెళ్ళిచూపుల మీదుగా వచ్చిన ఏ తెలుగు కుటుంబానికైనా ఈ దూరం ఎంతో వేరే చెప్పాలా?

నైపాల్ “ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్” 1961 నాటిది. అత్తవారింటి మంది మధ్య ఇల్లరికపు అల్లుడిలా నలిగిన బిస్వాస్‌కి కావలసింది ఫలానా ఇల్లు కాదు. ఒక ఇల్లు. తనది అనిపించుకునే ఏదో ఒకటి. ఆ “ఎ”లో ఉన్న దీనత్వం “ది”కి రాదు. ఇక నారాయణ్ 1958లో “ది గైడ్” అన్నాడు. ఏ గైడు? మనకి తెలియదు. తెలిసినట్టే మాట్లాడి మనల్ని లోపలికి లాగుతాడు. రాజు టూరిస్టు గైడుగా బతికి, చివరికి జనం దారి చూపించమని అడిగే స్వామి అయ్యాక ఆ “ది” మనవైపు తిరిగి వెక్కిరిస్తుంది.

దీన్ని తెలుగువైపు నుంచి చూస్తే ఇంకా ఇబ్బంది. గోపీచంద్ “అసమర్థుని జీవయాత్ర”ని ఇంగ్లీషు చేయాలనుకోండి. సీతారామారావు “ఎ” అసమర్థుడా? అప్పుడు ఎందరిలోనో ఒకడు, పాపం అనుకుని వదిలేయొచ్చు. “ది” అసమర్థుడా? అప్పుడు మొత్తం జాతికి ప్రతినిధి అవుతాడు, చదివేవాడు కుర్చీలో కదలాల్సి వస్తుంది. తెలుగు పేరు రెండిటినీ ఒకేసారి మోస్తోంది. అనువాదకుడు ఒకటి దించేయక తప్పదు. ఈ ప్రశ్నకి మార్కులు వేసే బటన్ ఏ యాప్‌లోనూ లేదు. దీనిమీద అరగంట వాదించుకున్నవాడికి మాత్రం “ది” అంటే ఏమిటో జన్మలో మర్చిపోలేనంతగా తెలుస్తుంది.

బావమరిది ఆంకీ మానలేదు, నేను మానమనలేదు. ప్రెపొజిషన్ల కార్డులు అలాగే ఉన్నాయి. ఆర్టికల్స్ వాటికి మాత్రం రూపం మార్చాం: ముందు వైపు, చదువుతున్న పుస్తకంలోంచి రెండు మూడు వాక్యాలు, ఖాళీలేం లేకుండా. కింద తెలుగులో ప్రశ్న: “ఇక్కడ ‘ఎ’ పెడితే ఏం మారుతుంది?” ఒక్కో కార్డుకి నిమిషం పైనే పడుతుంది. రోజుకి వంద కావు, పదిహేను అవుతాయి. గ్రాఫ్ ఇదివరకటంత అందంగా లేదు.

పాత డెక్ కూడా తీసేయలేదు, ఒక కారణానికి. ఒక కార్డు ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దానికి “లీచ్” అని పేరుపెట్టి, ఇక చూపించకుండా పక్కన పడేస్తుంది. జలగ అన్నమాట, మన సమయం పీల్చేది. అతని జలగల జాబితా నాకు ఆ డెక్ మొత్తంలో చదవదగ్గ భాగంలా కనబడింది. ఆదివారాలు ఇద్దరం అదే ముందేసుకుని కూర్చుంటున్నాం. మొన్న తగిలిన కార్డు: “మై మదర్ ఈజ్ ఇన్ ____ హాస్పిటల్.” కార్డు ప్రకారం అక్కడ ఏమీ రాకూడదు. బ్రిటిష్ వాడుకలో “ఇన్ హాస్పిటల్” అంటే పేషెంటుగా ఉన్నారని. ఎనిమిదిసార్లూ “ది” అనే అన్నాడు.

మా అత్తగారు గవర్నమెంట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సు. ఆ వాక్యం చదవగానే అతనికి మనసులో మెదిలేది మంచం మీద పడుకున్న అమ్మ కాదు, నైట్ డ్యూటీకి వెళ్ళిన అమ్మ.

“మరి అమ్మకి జ్వరమొచ్చి అదే హాస్పిటల్లో చేరిందనుకో బావా?” అని అడిగాడు.

“అప్పుడు ‘ది’ పోతుంది,” అన్నాను. “అమెరికా క్లయింటుకి సెలవు చీటీ రాయాలంటే మళ్ళీ వస్తుంది.”